భుజం ఆపరేషన్‌కి పేషెంట్ పొజిషన్ ఎలా ఇవ్వాలి, పరికరాలు ఎలా సిద్ధం చేయాలి

ఆర్థోపెడిక్ థియేటర్‌లో కొత్తగా చేరిన టెక్నీషియన్లు, నర్సులు, జూనియర్ డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. మోకాలి ఆపరేషన్ అయితే చాలాసార్లు పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెడితే పని నడిచిపోతుంది. భుజం అలా కాదు. సర్జన్‌కి ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి కూడా దారి కావాలి. చెయ్యి అన్ని వైపులా తిరగాలి. తల, మెడ, గొంతులోని ట్యూబు అన్నీ కోత పెట్టే చోటికి జానెడు దూరంలోనే ఉంటాయి. డ్రేప్ (స్టెరైల్ గుడ్డ) కప్పేశాక ఆ తల ఎవరికీ కనబడదు.

అందుకే ఇక్కడ పొజిషన్‌ని తొందరగా ముగించుకునే పనిగా చూడకూడదు. చెవి నలుగుతోందని, మోచేయి ఒత్తుకుంటోందని మత్తులో ఉన్న మనిషి చెప్పలేరు. వాళ్ల తరఫున చూడాల్సింది మనమే. ఆపరేషన్ మొదలయ్యాక సరిచేయడం కష్టం, కాబట్టి ఆ పది, పదిహేను నిమిషాలు ఎవరు తొందరపెట్టినా వదులుకోకండి.

ముందు తెలుసుకోవాల్సింది

పేషెంట్ రాకముందే సర్జన్‌ని రెండు విషయాలు అడగండి. ఏ ఆపరేషన్? ఏ పొజిషన్? భుజానికి ప్రధానంగా రెండు పొజిషన్లు వాడతారు. మొదటిది బీచ్ చెయిర్: వీపు భాగం పైకి లేపి, తుంటి, మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు ఉంచడం. రెండోది లాటరల్: ఆపరేషన్ చేసే భుజం పైకి వచ్చేలా పక్కకి పడుకోబెట్టి, చేతిని బరువుతో లాగి ఉంచడం. బీచ్ చెయిర్ 1980ల చివర్లో ఆర్థ్రోస్కోపీకి (చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేసే ఆపరేషన్‌కి) బాగా వాడుకలోకి వచ్చింది. అంతకుముందు ఎక్కువగా లాటరల్‌లోనే చేసేవారు.

కీలు మార్పిడి, ప్లేటు వేసే ఫ్రాక్చర్ లాంటి ఓపెన్ ఆపరేషన్లకి ఎక్కువమంది బీచ్ చెయిరే ఎంచుకుంటారు. అయితే కోణం ఒకటే కాదు. ఆర్థ్రోస్కోపీకి వీపు 60 నుంచి 80 డిగ్రీల వరకు లేపుతారు. కీలు మార్పిడికి 30 నుంచి 45 డిగ్రీలు చాలు. తెగిన కండరం కుట్టడానికి రెండు పొజిషన్లూ పనికొస్తాయి. భుజం పదేపదే జారిపోతున్నవాళ్లకి కీలు లోపలి అంచుని కుట్టాలంటే లాటరల్‌లో ట్రాక్షన్ (చేతిని బరువుతో లాగడం) వల్ల కీలు తెరుచుకుని చోటు బాగా కనబడుతుందని చాలామంది సర్జన్ల అనుభవం. నా అభిప్రాయం అడిగితే, టీమ్‌కి బాగా అలవాటైన పొజిషనే సురక్షితం. అలవాటు లేనిదాన్ని మొదటిసారి చేస్తున్నప్పుడు మాత్రం ముందురోజే ఖాళీ టేబుల్ మీద ఒక సహోద్యోగిని కూర్చోబెట్టి చూసుకోండి.

గది సర్దడం, పరికరాలు చూసుకోవడం

మామూలుగా తల దగ్గర ఉండే మత్తు మిషన్‌ని ఇక్కడ కాళ్ల వైపుకో, ఆపరేషన్ లేని పక్కకో జరపాల్సి వస్తుంది. అంటే శ్వాస గొట్టాలు పొడవువి కావాలి, ఐవీ లైన్‌కి ఎక్స్‌టెన్షన్ కావాలి. బీచ్ చెయిర్‌లో ఆర్థ్రోస్కోపీ టవర్‌ని (కెమెరా తెర ఉండే స్టాండుని) పేషెంట్‌కి అవతలి పక్క, సర్జన్ చూపుకి ఎదురుగా పెట్టండి. లాటరల్‌లో సర్జన్ పేషెంట్ వీపు వెనక నిలబడతారు, కాబట్టి టవర్ పేషెంట్ ముఖం వైపు ఉండాలి. వైర్లు, గొట్టాలు అన్నీ ఒకే వైపు నుంచి వచ్చేలా చూసుకుంటే నడిచే దారి ఖాళీగా ఉంటుంది.

టేబుల్ విషయంలో మూడు చూడండి. బీచ్ చెయిర్ అటాచ్‌మెంట్ మోయగల బరువు ఎంతో దాని మీదే రాసి ఉంటుంది, పేషెంట్ బరువుతో పోల్చండి. భుజం వెనక పలక ఊడి వస్తుందో లేదో చేత్తో తీసి చూడండి, ఎందుకంటే ఆ పలక తీస్తేనే సర్జన్‌కి వెనక నుంచి దారి దొరుకుతుంది. రిమోట్ చార్జ్ అయి ఉండాలి. అత్యవసరంగా టేబుల్‌ని చదునుగా దించే బటన్ లేదా లివర్ ఏదో గదిలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. గుండె ఆగితే కూర్చున్న మనిషి ఛాతీ నొక్కలేం. ఆ సమయంలో లివర్ కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి: తలకి హెడ్‌రెస్ట్, దాని మెత్తలు, నుదుటికి, గడ్డానికి కట్టే పట్టీలు, జెల్ ప్యాడ్లు, మోకాళ్ల కింద పెట్టే దిండు, పాదాల ఆనుడు, నడుముకీ తొడలకీ బెల్టులు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా నొక్కే కంప్రెషన్ మిషన్, వేడి గాలి దుప్పటి. లాటరల్ అయితే బీన్ బ్యాగ్ (గాలి లాగేస్తే గట్టిపడే పరుపు) లేదా పక్క సపోర్టులు, చంక దిగువన పెట్టే రోల్, ట్రాక్షన్ స్టాండు, బరువులు, చేతికి చుట్టే ఫోమ్ స్లీవ్ అదనం. చేతిని పట్టి ఉంచే ఆర్మ్ హోల్డర్ గాలితో పనిచేసేదైతే ప్రెషర్ లైన్ బిగించి ఒకసారి కదిపి చూడాలి. హోల్డర్ లేకపోతే మెత్త వేసిన మేయో స్టాండు (పరికరాల ట్రే స్టాండు), పక్కన ఒక అసిస్టెంట్ ఉంటే చాలు.

ఆర్థ్రోస్కోపీకి 4 మిల్లీమీటర్ల, 30 డిగ్రీల స్కోప్ మామూలుగా వాడేది. 70 డిగ్రీలది కూడా దగ్గర ఉంచండి. కెమెరా, లైటు, షేవర్ (కణజాలాన్ని గీకి తీసేది), రేడియో ఫ్రీక్వెన్సీ ప్రోబ్ (వేడితో కోసేది), పంపు (కీలులోకి నీళ్లు పంపేది) ఒక్కొక్కటీ ఆన్ చేసి చూడండి. కాన్యులాలు (పరికరాలు లోపలికి పంపే గొట్టాలు), దారం దాటించే పరికరం, ముడి తోసే పరికరం, యాంకర్ల (ఎముకలో దారాన్ని పట్టి ఉంచే మేకుల) సైజులు సర్జన్‌తో సరిపోల్చుకోండి. యాంకర్ ప్యాకెట్ మాత్రం సర్జన్ అడిగేదాకా విప్పకండి. కీలు మార్పిడి అయితే అన్ని సైజుల ట్రయల్ ట్రేలు, అసలు ఇంప్లాంట్లు గదిలోకి వచ్చాయని చూశాకే పేషెంట్‌ని పిలవాలి.

సి-ఆర్మ్ (థియేటర్‌లో వాడే ఎక్స్‌రే మిషన్) అవసరమున్న ఫ్రాక్చర్ కేసుల్లో పొజిషన్ ఇచ్చాక, శుభ్రం చేయకముందే ఒక ఎక్స్‌రే తీసి చూడండి. భుజం ముందు నుంచీ, చంక వైపు నుంచీ రెండు చూపుల్లోనూ కనబడాలి. టేబుల్ లోపలి లోహపు కడ్డీ అడ్డొస్తోందని డ్రేప్ వేశాక తెలిస్తే అంతా మళ్లీ మొదటికి వస్తుంది.

పేషెంట్ మెలకువగా ఉండగానే చేయాల్సినవి

పేరు, ఆపరేషన్, ఏ వైపు అన్నది పేషెంట్ నోటితోనే చెప్పించండి. చర్మం మీద మార్కు చూడండి, ఎక్స్‌రేతో పోల్చండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, గది వదలకముందు అని మూడు చోట్ల ఆగి చూసుకోమని ఉంది. భుజానికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే లాటరల్‌లో తిప్పాక కుడి, ఎడమల విషయంలో తికమక పడటం తేలిక.

తర్వాత మెడ తిప్పమని చెప్పండి. పైకి, కిందికి, రెండు పక్కలకి. ఎంతవరకు నొప్పి లేకుండా తిరుగుతుందో అదే మత్తులో మనం దాటకూడని హద్దు. పెద్దవయసువాళ్లలో మెడ అరుగుదల చాలా మామూలు. అవతలి చేతిలో తిమ్మిర్లు ఉన్నాయా అనీ అడిగి రాసుకోండి. ముందే ఉన్న తిమ్మిరిని తర్వాత పొజిషన్ వల్ల వచ్చిందని పొరబడకుండా ఉంటుంది. చెవిపోగులు, హెయిర్ పిన్నులు, వినికిడి మిషన్, కళ్లద్దాలు తీయించండి. జుట్టుని కుచ్చుగా వెనక ముడి వేస్తే హెడ్‌రెస్ట్‌లో అదే ఒత్తిడి పుండవుతుంది.

ఐవీ లైన్, బీపీ కఫ్ రెండూ ఆపరేషన్ లేని చేతికే. యాంటీబయాటిక్ సెఫాజోలిన్ అయితే కోతకి ముందు 60 నిమిషాలలోపు లోపలికి వెళ్లాలి. వాంకోమైసిన్ నెమ్మదిగా ఎక్కుతుంది, అది 120 నిమిషాల ముందు నుంచే మొదలుపెట్టవచ్చు.

చాలా కేసుల్లో మత్తు డాక్టర్ మెడ దగ్గర ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ (భుజం, చేతి నరాలని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇస్తారు. నొప్పికి అద్భుతంగా పనిచేస్తుంది. కానీ ఎక్కువ మందు వాడే మామూలు పద్ధతిలో ఆ పక్క డయాఫ్రమ్ దాదాపు అందరిలోనూ తాత్కాలికంగా పనిచేయడం మానేస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల గురించి మీకు తెలిసింది ఏదైనా ఉంటే బ్లాక్‌కి ముందే చెప్పండి.

బీచ్ చెయిర్‌లో కూర్చోబెట్టడం

మత్తు ఇచ్చి, ట్యూబుని ఆపరేషన్ లేని వైపు నోటి మూలకి గట్టిగా అంటించాక పని మొదలవుతుంది. కళ్లు మూసి టేపు వేయండి, పైన గట్టి కవచం ఉంటే ఇంకా మంచిది. శుభ్రం చేసే మందు కంట్లోకి జారే ప్రమాదం ఇక్కడ ఎక్కువ.

ముందు పేషెంట్‌ని టేబుల్ మీద పైకి జరపండి, పిరుదులు సరిగ్గా టేబుల్ మడత దగ్గరకి రావాలి. ఇది కుదరకపోతే లేపిన కొద్దీ మనిషి కిందికి జారిపోతారు, మెడ సాగుతుంది. ఆపరేషన్ చేసే పక్కకి కొద్దిగా జరపండి, భుజం పలక లోపలి అంచు వరకు టేబుల్ బయట ఉండాలి. ఇప్పుడు తొడల భాగం వంచండి, మోకాళ్లు 30 డిగ్రీల దాకా వంగేలా దిండు పెట్టండి, ఆ తర్వాతే వీపు లేపండి. కాళ్లు ముందు వంచితే జారడం తగ్గుతుంది, కాళ్లలోకి రక్తం దిగిపోవడం కూడా కొంత తగ్గుతుంది.

వీపుని ఒక్కసారిగా లేపకండి. కొంచెం లేపి ఆగండి, మత్తు డాక్టర్ బీపీ చూసి సరే అన్నాక ఇంకొంచెం. ఈ మొత్తం సేపు ఒకరు తలనే పట్టుకుని ఉండాలి, ఇంకే పనీ ముట్టుకోకూడదు. ట్యూబు మీద కూడా ఒక చెయ్యి ఉండాలి.

ఇక తల. ముక్కు, గడ్డం, ఛాతీ ఎముక మధ్యభాగం మూడూ ఒకే గీత మీద ఉండాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. మెడ ముందుకి బాగా వంగినా, పక్కకి తిరిగినా మెడలోని సిరలు నొక్కుకుంటాయి, మెదడుకి వెళ్లే రక్తం మీదా ప్రభావం పడుతుంది. ఆపరేషన్ పక్కకి దూరంగా తల వంచితే సర్జన్‌కి చోటు పెరుగుతుంది నిజమే, కానీ చేతి నరాల గుత్తి సాగుతుంది. చోటు చాలకపోతే మొత్తం శరీరాన్ని జరపండి, మెడని మాత్రం వంచకండి.

హెడ్‌రెస్ట్ పట్టీ నుదుటి మీద ఉండాలి, కళ్ల మీదకి జారకూడదు. చెవులు మడత పడకుండా, పట్టీ కిందకి రాకుండా వేలితో తడిమి చూడండి. చెవి కింద, వెనక నుంచి వెళ్లే చిన్న నరాలు హెడ్‌రెస్ట్ ఒత్తిడికి దెబ్బతిని, తర్వాత చెవి చుట్టూ తిమ్మిరి పట్టిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. చివరిగా హెడ్‌రెస్ట్ మరలన్నీ బిగించి, పట్టుకుని ఊపి చూడండి. కదిలితే అది బిగించినట్టు కాదు.

అవతలి చేయి ఒడిలోనో, ఆర్మ్‌బోర్డ్ మీదో మెత్తటి ప్యాడ్‌లో పెట్టండి, మోచేతి లోపలి ఎముక గట్టిదానికి తగలకూడదు. బెల్టు తొడల మధ్యభాగం మీద వేయండి. తుంటి ముందరి ఎముక మీద బిగిస్తే తొడ బయటివైపు చర్మానికి వెళ్లే నరం నొక్కుకుంటుంది. మడమలు గాల్లో తేలాలి. కాటరీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) ప్లేటు కండ ఉన్న తొడ మీద వేయండి, తడి తగలని చోట.

బీపీ లెక్క: దీన్ని అందరూ నేర్చుకోవాలి

బీచ్ చెయిర్‌లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మెదడుకి రక్తం తగ్గడం. అరుదే, కానీ స్ట్రోక్ వచ్చిన, చనిపోయిన కేసులు ఉన్నాయి. మందులు ఇచ్చేది మత్తు డాక్టరే అయినా, లెక్క గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలని నేను గట్టిగా నమ్ముతాను.

లెక్క ఇదీ. గుండె కంటే ఎత్తుకి వెళ్లిన ప్రతి ఒక్క సెంటీమీటరుకీ రక్తపోటు సుమారు 0.77 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కూర్చున్న మనిషి చేతికి కట్టిన కఫ్ నుంచి చెవి రంధ్రం దాకా 20 సెంటీమీటర్లు ఉందనుకోండి. అంటే మెదడు దగ్గర పోటు కఫ్ చూపించేదాని కంటే 15 తక్కువ. మానిటర్ మీద సగటు పోటు 65 అని కనబడితే మెదడుకి అందేది 50 మాత్రమే. అదే కఫ్ పిక్కకి కడితే తేడా ఎన్నో రెట్లు పెరుగుతుంది, మానిటర్ మీద మంచి నంబరు కనబడుతూనే మెదడు పస్తులుంటుంది. అందుకే ఈ పొజిషన్‌లో కఫ్‌ని కాలికి కట్టకండి. తప్పనిసరి అయితే ఆ ఎత్తు కొలిచి తీసివేత చేసిన నంబరునే చెప్పుకోండి. ఆర్టరీలో లైన్ వేస్తే ట్రాన్స్‌డ్యూసర్‌ని (పోటు కొలిచే సెన్సర్‌ని) చెవి రంధ్రం ఎత్తులో పెట్టి సున్నా చేయాలి. టేబుల్ ఎత్తు, కోణం మార్చిన ప్రతిసారీ దాన్నీ మార్చాలి. ఇది తరచూ మర్చిపోయే పని.

రక్తం తక్కువ కారాలని బీపీని కావాలని దించమని సర్జన్ అడగవచ్చు. బీచ్ చెయిర్‌లో, ముఖ్యంగా ముందే హై బీపీ ఉన్నవాళ్లలో, ఆ నిర్ణయం తేలిగ్గా తీసుకునేది కాదు. "చెవి దగ్గర ఇప్పుడు ఎంత ఉంది?" అని పైకి అడగండి. ఆ ప్రశ్న ఎవరు అడిగినా మంచిదే.

బ్లాక్ మాత్రమే ఇచ్చి మెలకువగా కూర్చోబెట్టినవాళ్లలో ఇంకో సమస్య ఉంది. బాగానే ఉన్న మనిషికి హఠాత్తుగా గుండె వేగం, బీపీ రెండూ కలిసి పడిపోతాయి. వికారం, చెమట, కళ్లు తిరగడం ముందుగా కనబడే గుర్తులు. పేషెంట్‌తో మాట్లాడుతూ ఉండండి. గుండె వేగం, బీపీ పెంచే అట్రోపిన్, ఎఫెడ్రిన్ మందులు సిరంజిల్లో సిద్ధంగా ఉండాలి.

లాటరల్‌లో పడుకోబెట్టడం

తిప్పడానికి కనీసం నలుగురు కావాలి: తల, ట్యూబు దగ్గర మత్తు డాక్టర్, భుజాల దగ్గర ఒకరు, నడుము దగ్గర ఒకరు, కాళ్ల దగ్గర ఒకరు. తల దగ్గర ఉన్నవారు చెప్పినప్పుడే అందరూ కలిసి తిప్పాలి.

తిప్పాక శరీరాన్ని 20 నుంచి 30 డిగ్రీలు వెనక్కి వాల్చండి. భుజం గిన్నె సహజంగా కొంత ముందుకి తిరిగి ఉంటుంది, ఇలా వాల్చితే అది నేలకి సమాంతరంగా వస్తుంది. ఈ వాలులో బీన్ బ్యాగ్‌ని బిగించండి. దాని అంచు మెడ మీదకీ, చంకలోకీ రాకూడదు.

కింది చేయి వైపు రోల్ పెట్టాలి. దీన్ని చంకలోనే పెట్టేస్తుంటారు, అది తప్పు. చంకకి కాస్త దిగువన, పక్కటెముకల కింద పెట్టాలి. ఛాతీ లేచి చంక ఖాళీగా ఉండి, అందులో ఒక చెయ్యి దూరితే సరిగ్గా పెట్టినట్టు. తర్వాత కింది చేతి మణికట్టు నాడి చూడండి. తల కింద మెత్తలు మెడ వెన్నుతో ఒకే గీతలో ఉండేంత ఎత్తు ఉండాలి. కింది కన్ను, కింది చెవి ఒత్తుకోకుండా చేత్తో తడిమి చూడండి. కింది కాలు వంచి, రెండు కాళ్ల మధ్య దిండు పెట్టండి. కింది మోకాలి బయటివైపు, ఎముక మొన దగ్గర ప్యాడ్ తప్పనిసరి. అక్కడ నరం చర్మం కిందే ఉంటుంది, నలిగితే పాదం వాలిపోతుంది.

ట్రాక్షన్‌కి 4 నుంచి 6 కిలోలు సాధారణంగా సరిపోతాయి. చేతిని శరీరం నుంచి 45 డిగ్రీల చుట్టుపక్కల దూరంగా, 15 డిగ్రీలు ముందుకి ఉంచి మొదలుపెట్టండి. కనబడటం లేదని బరువు పెంచుతూ పోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే ఆ భారం పడేది నరాల మీదే. ముందు కోణం మార్చి చూడమని చెప్పండి. మణికట్టు దగ్గర పట్టీ మరీ బిగుసుకుంటే బొటనవేలి వెనక చర్మానికి వెళ్లే నరం నలుగుతుంది, ఫోమ్ స్లీవ్ అందుకే.

శుభ్రం చేయడం, డ్రేప్ వేయడం

భుజం దగ్గర ఇన్ఫెక్షన్‌కి తరచూ కారణమయ్యేది క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి. చర్మం లోపలి నూనె గ్రంథుల్లో ఉంటుంది కాబట్టి పైపైన రాస్తే పూర్తిగా పోదు. ముందు రోజుల్లో 5 శాతం బెంజోయిల్ పెరాక్సైడ్ రాయించడం దాని సంఖ్య తగ్గిస్తుంది. వెంట్రుకలు తీయాల్సివస్తే క్లిప్పర్‌తోనే తీయండి, బ్లేడు వద్దు.

మందు రాయకముందే మెడ చుట్టూ, ఛాతీ పక్కన అంటుకునే ప్లాస్టిక్ డ్రేప్ వేస్తే ద్రవం తల వైపు, వీపు కిందకి పారదు. ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ వాడితే కనీసం 3 నిమిషాలు పూర్తిగా ఆరనివ్వాలి. చంకలో, జుట్టులో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. తడి ఉండగా కాటరీ వాడితే మంట అంటుకుంటుంది.

డ్రేప్ వేసి చేతిని హోల్డర్‌కి కట్టాక ఒకసారి చేతిని అటూ ఇటూ కదిపి, తల కదులుతోందా చూడమని మత్తు డాక్టర్‌ని అడగండి. కీలు మార్పిడిలో చెయ్యి టేబుల్ అంచు దాటి కిందికి, వెనక్కి పూర్తిగా వెళ్లాలి. అది ఇప్పుడే చూసుకోండి.

నీళ్లు, పంపు

ఆర్థ్రోస్కోపీలో 3 లీటర్ల సెలైన్ బ్యాగులు వేలాడదీస్తారు. పంపు లేకపోతే ఎత్తే ఒత్తిడి: కీలు కంటే ఒక మీటరు పైన ఉన్న బ్యాగు సుమారు 74 మిల్లీమీటర్ల పోటు ఇస్తుంది. పంపు ఉంటే సర్జన్ చెప్పిన నంబరు పెట్టండి. రక్తం వల్ల కనబడటం లేదంటే వెంటనే ఒత్తిడి పెంచకుండా ముందు సిస్టోలిక్ బీపీ ఎంతో, పంపు ఎంతో పోల్చి చెప్పండి. రెండిటికీ తేడా 50 లోపు ఉంటే సాధారణంగా చూపు బాగుంటుంది. బయటికి వెళ్లే గొట్టం, కాన్యులా పక్కన కారడం కూడా చూడండి, చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

రేడియో ఫ్రీక్వెన్సీ వాడుతున్నంతసేపు నీళ్లు పారుతూనే ఉండాలి. ఆగితే లోపల వేడెక్కుతాయి. బయటికి వచ్చే వేడి నీళ్ల గొట్టాన్ని పేషెంట్ చర్మానికి ఆనించకండి. ఎన్ని బ్యాగులు అయ్యాయో బోర్డు మీద రాస్తూ ఉండండి. ఆపరేషన్ పొడిగితే నీళ్లు కండరాల్లోకి ఇంకి మెడ, ఛాతీ వాయవచ్చు. ట్యూబు తీసేముందు డ్రేప్ తొలగించి మెడని చేత్తో నొక్కి చూడాలి. గట్టిగా, బిగుతుగా అనిపిస్తే మత్తు డాక్టర్‌కి చెప్పండి, ట్యూబు తీయడం ఆలస్యం చేయాల్సి రావచ్చు.

దించేటప్పుడు

లేపిన వరుసకి తిరగేసి దించండి: ముందు వీపు, తర్వాత కాళ్లు. తల పట్టీ విప్పడానికి ముందే ఒకరు తలని చేతుల్లోకి తీసుకోవాలి. భుజానికి స్లింగ్, అవసరమైతే చంక దిండు టేబుల్ మీదే కట్టేయండి. బ్లాక్ వల్ల చచ్చుబడి ఉన్న చెయ్యి స్ట్రెచర్ అంచు నుంచి వేలాడిపోకుండా చూడండి, ఆ చేతికి ఇంకా స్పర్శ ఉండదు.

రికవరీకి పంపేముందు చెవులు, నుదురు, మోచేయి, మడమలు, పిరుదుల మీద చర్మం ఎర్రబడిందేమో చూసి రాయండి. కేస్ షీట్‌లో పొజిషన్ పేరు, వీపు కోణం, కఫ్ ఏ చేతికి ఉందో, ట్రాక్షన్ బరువు, ఎంతసేపు, ప్యాడ్లు ఎక్కడెక్కడ పెట్టారో, తలని ఎన్ని గంటలకి చూశారో అన్నీ ఉండాలి. బ్లాక్ వదిలాక వేళ్లు కదుపుతున్నారా, బొటనవేలు పైకి లేస్తోందా, చిటికెనవేలికి స్పర్శ ఉందా అన్నది రెండు చేతులకీ చూడమని వార్డు నర్సుకి నోటితో చెప్పి పంపండి.